చెవులు నావి

హెలెనక్కా, నా వంకర అక్షరాలకు, తప్పులకు మన్నించు.

కలమల్ల కరెంటు ప్లాంటు మోతకు మా ఆయన ఎడ్విన్ చెవులు దెబ్బతిన్నాయి. ఎవరికీ చెప్పడు. మెటల్, పంక్ అని అరుపులు, మోతల పాటల రికార్డులు నేనే విని, ఏది ఎలా ఉందో రాసిస్తాను. యూట్యూబులో తన అభిప్రాయంగా చెప్తాడు.

మొన్న నా గురించి స్నేహితులతో, "అయిదో తరగతప్పా! మిక్సీ మోతకూ మెటల్‌కూ తేడా తెలీదు దీనికి" అని నవ్వాడు.

కొత్త రికార్డుకు, "ఇంత భయంకరంగా అరిచే గాయకుణ్ణి ఇంతవరకు వినలేదు" అని రాసిచ్చాను. ఆయన వీడియోలో పది నిమిషాలు ఆ గొంతునే పొగిడాడు.

అందులో గాయకుడే లేడక్కా. అన్నీ వాయిద్యాలే.

స్నేహితులు ఫోన్ చేసి పగలబడి నవ్వారు. ఆయన ఫోన్ నాకిచ్చి, "ఏమంటాండారే?" అన్నాడు.

"శానా మెచ్చుకుంటాండారు. ఇట్లాటిదే ఇంకోటి చెయ్యమంటాండారు" అన్నాను.

ఈ కార్డు చదివి పొయ్యిలో వెయ్యి.