ఎడమ వరస, కుడి వరస

టిఫిన్ ప్లేట్లు కడగడం అవగానే కుముదిని లాప్‌టాప్ తెరిచి, భర్త హరినాథ్‌ని ఎదురుగా కూర్చోమంది.

"ఏటే, ఇవాళైనా పేపరు తేలిగ్గా ఇచ్చావా?" అన్నాడాయన.

"తొంగిచూడకుండా చెప్పండి, చాలు."

ఎక్సెల్ షీటులో ఇరవై ప్రశ్నలు. ఎడమ వరసలో సరైన జవాబులు. నిన్నటివి చెరిపేసి రోజూ కొత్తగా కుముదినే టైపు చేస్తుంది. కుడి వరసలో ఆయన చెప్పినవి. బటన్ నొక్కితే మాక్రో అనే చిన్న ప్రోగ్రాం గడికి గడి పోల్చి, రెండూ ఒకటైతే పచ్చరంగు, కాకపోతే ఎరుపు పూస్తుంది.

స్టీల్ ప్లాంటు స్టోర్స్‌లో పనిచేసినన్నాళ్లూ హరినాథ్ రెండు సామాన్ల జాబితాలు ఇలాగే సరిచూసేవాడు. రిటైరయ్యాక ఆ విద్య భార్యకి నేర్పాడు. ముందూ వెనకా ఖాళీలున్నా, అక్షరాలు పెద్దవైనా చిన్నవైనా మాక్రో పట్టించుకోదు. అంత ఓర్పు తన అత్తగారికి ఉండుంటే బాగుండేదనుకుంది కుముదిని.

"ఒక్కటి గుర్తుపెట్టుకో," అన్నాడాయన అప్పట్లో. "ఎర్రబడిందంటే రెండూ ఒకటి కాదని, అంతే. అంతకుమించి దానికేటీ తెలీదు."

పరీక్ష పెట్టమన్నదీ ఆయనే. ఆర్నెల్ల కిందట ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక, "బుర్రలోంచి ఒక్కోటీ జారిపోతున్నాయట నాకు. రోజూ అడిగి చూడు," అన్నాడు. ఆ డాక్టరూ డాక్టరే. పేషెంటుని పక్కన కూర్చోబెట్టి గంటసేపు కుముదినితోనే కబుర్లాడాడు. పెళ్లిచూపుల్లో కూడా ఆమెని ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

పచ్చవి పదికంటే తగ్గితే ఇద్దరే ఉండడం మంచిది కాదని ఆ డాక్టరే ఆయనతో అన్నాడట. అప్పుడిక ఇల్లు ఖాళీ చేసి రాయపూర్‌లో కూతురు శ్రుతి దగ్గరికి వెళ్లాల్సిందే. కొడుకు ప్రణవ్ ఉన్నా, పొద్దున్నే డ్యూటీకి పోయేవాడు ఏం చూసుకుంటాడు? ముప్పై ఏళ్ల భిలాయి కాపురం ఇరవై గడుల మీద నిలబడింది.

ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు. మొన్న ఆయన కళ్ళజోడు ఫ్రిజ్‌లో బీరకాయల మధ్య దొరికింది. గ్యాస్ పొయ్యి నాబ్‌లు ఊడదీసి జేబులో వేసుకు తిరుగుతున్నాడు. టీ కావాలంటే ఆయన్ని బతిమాలాలి, మరిగేదాకా పక్కనే నిలబడతాడు. ప్రణవ్ కోసం మూతపెట్టిన చపాతీలు కూడా ఆయనే తినేస్తాడు. "వాడివి కదండీ," అంటే, "మర్చిపోయానే," అంటాడు.

కుముదిని మొదటి ప్రశ్న అడిగింది. "మనం ఉంటున్నదెక్కడ?"

"మరోదా సెక్టర్‌లో."

ఎడమ వరసలో ఆమె సెక్టర్ 2 అని రాసి ఉంచింది. ఎక్కడి క్వార్టరైనా ఒకే అచ్చులో పోసినట్టుంటుంది కాబట్టి పొరపడ్డాడులే అని సరిపెట్టుకుంది.

"నిన్నటి కూర?"

"బెండకాయ."

"సొరకాయండీ."

"అయితే బెండకాయ కలలో తిన్నానేటి," అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పదిహేనో ప్రశ్న దాకా మిగల్లేదు.

"ప్రణవ్ డ్యూటీ నుంచి ఎన్నింటికి వస్తాడు?"

ఈ ప్రశ్న దగ్గర ఆయన రోజూ కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. జవాబు మాత్రం చెప్పడు. గడి ఖాళీగానే ఉండిపోతుంది. కన్నకొడుకు ఇంటికొచ్చే వేళ కూడా గుర్తులేని తండ్రిని ఏమనాలి? ఐదున్నర అని అందిద్దామని నోటిదాకా వచ్చింది. పరీక్ష పరీక్షే అని ఊరుకుంది.

ఇరవై అయ్యాక బటన్ నొక్కింది. పచ్చవి తొమ్మిది.

మళ్ళీ నొక్కింది. మాక్రోకి మొహమాటాలు తెలియవు. తొమ్మిదే.

"పాసయ్యానా?" అన్నాడు హరినాథ్.

"అయ్యారు లెండి," అంటూ లాప్‌టాప్ మూసి, వంటింట్లోకి వెళ్లి కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మధ్యాహ్నం శ్రుతి వచ్చింది. కుముదిని కూతుర్ని గదిలోకి లాక్కెళ్లి షీటు చూపించింది.

"చూడవే మీ పాపా సంగతి. పదకొండు ఎరుపు. చివరికి నీ తమ్ముణ్ణి కూడా మర్చిపోయారు."

శ్రుతి ఎడమ వరస పైనుంచి కిందిదాకా చదివింది. ఖాళీ గడి ఎదురుగా ఉన్న ఐదున్నర దగ్గర చాలాసేపు ఆగింది.

"టెన్షన్ మత్ లో మమ్మీ, బెంగపెట్టుకోకు," అంది. "ఇద్దరూ నా దగ్గరికి వచ్చేయండి, బస్."

"ఫెయిలయ్యారని ఆయనతో అనకే. నాకే నీ దగ్గరుండాలని ఉందని చెప్తాను. తెలిస్తే తట్టుకోలేరు."

శ్రుతి తల్లిని గట్టిగా పట్టుకుంది.

కుముదిని పెట్టె తీసి ఆయన చొక్కాలు మడతపెట్టడం మొదలెట్టింది. ప్రణవ్ బట్టలు మాత్రం బీరువాలోనే వదిలేసింది. ఐదున్నరకి వచ్చాక వాడే సర్దుకుంటాడు.

వరండాలో శ్రుతి తండ్రి పక్కన కూర్చుంది. వాళ్ల మాటలు లోపలికి వినబడవు.

"పచ్చవి తొమ్మిదే పాపా," అంది.

ఆయన తలూపాడు.

"ఇప్పటికైనా మమ్మీకి చెప్పేద్దామా?"

హరినాథ్ జేబులోని నాబ్‌లు తడుముకుంటూ, "వద్దమ్మా, మరుపు ఉన్నది నా కుడి వరసలో కాదు, తను రాసే ఎడమ వరసలో అని తెలిసిన రోజున, ప్రణవ్ ఇంక రాడన్న సంగతి కూడా తనకి మళ్ళీ కొత్తగా తెలియాలి కదా," అన్నాడు.