దిష్టి తగలని ఆయిల్

దేవరాజులుకు దొంగలంటే పరమ అసహ్యం. కస్టమరు తెచ్చిన ఫారిన్ ఆయిల్‌ను తన క్యానులోకి వంపుకుని, కస్టమరు కారులో డ్రమ్ములోని లూజు ఆయిల్ పోయడాన్ని ఆయన దొంగతనం అనేవాడు కాదు. సర్దుబాటు అనేవాడు.

తిరుపతి కరకంబాడి రోడ్డులో ఆయన షెడ్డు. మామూలు కార్లకు టర్బో బిగించి గుర్రాల్లా పరిగెత్తించే మొనగాడు జిల్లాలో తానొక్కడేనని 2003లో బోర్డు కూడా రాయించుకున్నాడు. అబద్ధం రాయడానికి పెయింటరు అదనంగా ఏమీ అడగలేదు.

ఆ మోజులో పడ్డవాళ్లలో చిత్తూరు బెల్లం మండీ పరంధామయ్య ఒకడు. యాభై ఐదేళ్ల వయసు, తెల్ల పంచె, కారుకు టర్బో. ఆరు నెలల్లో రెండు టర్బోలు కాలిపోయాయి. రెండుసార్లూ తప్పెవరిదో దేవరాజులు ఇట్టే కనిపెట్టాడు.

"స్పీడుగా వొచ్చి టక్కున ఇంజన్ ఆపేస్తా ఉండారు సామీ. టర్బో నిప్పు మాదిరి కాలతా ఉంటాది. రెండు నిమిషాలు ఇంజన్ను ఊరికే తిరగనియ్యాల. లేకుంటే ఎంత మంచి ఆయిలైనా మాడిపోతాది."

మాట నిజమే. పోసిన ఆయిల్ ఏదన్న సంగతి ఒక్కటి తప్ప, దేవరాజులు అన్నీ నిజాలే చెబుతాడు.

ఇంతలో చంద్రగిరి దగ్గర, ఇంకా బండ్లకు వదలని కొత్త రోడ్డు మీద ఆదివారం కార్ల పందెం పెట్టారు. గెలిచినవాడికి చెన్నై కంపెనీవాళ్లు జిల్లా మొత్తానికీ టర్బోల ఏజెన్సీ ఇస్తారట. అది చేజారిందా, బోర్డు తీసేసి పంక్చర్లు వేసుకోవాల్సిందే. ఆ దిగులుతో దేవరాజులుకు వారం రోజులుగా అన్నం సహించడం లేదు. పరంధామయ్య కూడా పేరిచ్చాడని విన్నప్పుడు మాత్రం కడుపుబ్బ నవ్వుకున్నాడు.

శనివారం పొద్దున పరంధామయ్య ఒక డబ్బాను చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు.

"ఇది ఎప్పుడూ తెచ్చే మాదిరిది కాదప్పా. పందేలకని సింగపూర్ నించి తెప్పిచ్చినా. రేపటి పందేనికి ఇదే పొయ్యి."

"సీలు తీసుండాదే?"

"అంగడాయన తీసి సూపిచ్చినాడు."

దేవరాజులు ఇంకేమీ అడగలేదు. కొట్టేయబోయే సరుకు గురించి మరీ ఆరా తీయడం మర్యాద కాదు.

"మీరు బయట కూసోండి సామీ. కొత్త ఆయిల్ పోసేటప్పుడు ఓనరు కండ్లు పడకూడదు. ఇంజన్‌కు దిష్టి."

పరంధామయ్య బుద్ధిగా బయట బెంచీ మీద కూర్చుని కాఫీ తెప్పించుకున్నాడు. ఆరు నెలలుగా అలాగే కూర్చుంటున్నాడు పాపం.

లోపల దేవరాజులు డబ్బాను తన క్యానులోకి వంచాడు. తేనె రంగులో, ఒక్క నలుసు లేకుండా జారుతోంది. "ఫారినోడు ఫారినోడేరా! మన దేశంలో ఇట్లాంటిది తయారయ్యేదెప్పుడు?" అని నిట్టూర్చాడు. పరంధామయ్య కారులో డ్రమ్ము ఆయిల్ పోసి, ఖాళీ డబ్బాను సాక్ష్యంగా ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే, సింగపూర్ సరుకంతా తన పందెం కారులో పోసుకున్నాడు.

ఆదివారం మొదటి మూడు కిలోమీటర్లు దేవరాజులు కారుకు ఎదురే లేదు. ఎక్కడో వడలు వేగుతున్న వాసన కమ్మగా తగిలితే, గెలిచాక నాలుగు లాగించాలనుకున్నాడు. ఐదో కిలోమీటరులో టర్బో ఒక్క అరుపు అరిచింది. పొగ కమ్మేసింది. ఇంజన్ పట్టేసి కారు రోడ్డు మధ్యన నిలబడిపోయింది. పరంధామయ్య హారన్ కొట్టి, పక్కనుంచి పోయి గెలిచాడు.

దేవరాజులు గుండె భగ్గుమంది. పందెం పెట్టిన ఎల్లప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"మోసం! నిన్న ఈ మనిషి నా షెడ్డుకాడ గంటసేపు కూసున్నాడు. నా పెట్రోల్ ట్యాంకులో బెల్లం కలిపినాడు! మండీవోడికి బెల్లానికేమి కరువు?"

"నేను కలపలేదప్పా" అన్నాడు పరంధామయ్య.

"అయితే కాణిపాకంలో ప్రమాణం చెయ్యి!"

అంతే, తగవు కాణిపాకానికి చేరింది. కోర్టులో అబద్ధమాడి కాఫీ తాగి ఇంటికి పోయేవాళ్లు కూడా ఆ వినాయకుడి ముందు అబద్ధమాడరు. ఏజెన్సీ కాగితం ఎల్లప్ప జేబులోనే ఆగిపోయింది.

మర్నాడు కాణిపాకంలో స్నానాలు చేసి, తడిబట్టలతో ఇద్దరూ దేవుడి ముందు నిలబడ్డారు. దేవరాజులు ధీమాగా ఉన్నాడు. బెల్లం కలిపినవాడు ప్రమాణం చేయలేడు, పందెం మళ్లీ పెడతారు, ఏజెన్సీ తనకు రాక తప్పదు. ఏళ్ల తర్వాత ఒక విషయంలో తన పక్కన న్యాయం ఉందన్న సంగతి ఆయనకే కొత్తగా, హాయిగా ఉంది.

పరంధామయ్య చేయి చాచాడు.

"సామీ, ఈయప్ప కారును నేను తాకలేదు. ట్యాంకులో బెల్లం కాదు గదా, ఇంకేమీ కలపలేదు. ఇది సత్యం."

ఎల్లప్ప కాగితం కోసం జేబులో చేయి పెట్టాడు.

"ఉండప్పా, ఇంకా అయిపోలేదు" అన్నాడు పరంధామయ్య. "దేవుని ముందర దాపరికమెందుకు? శనివారం షెడ్డు నించి ఇంటికి పోయినంక, ఈయప్ప నా కారులో పోసిందంతా వొంపేసి, అసలు సింగపూర్ ఆయిల్ పోసుకున్నా. ఈయప్ప చేతికిచ్చిన డబ్బాలో నేను నింపింది మా ఇంట్లో వంటకు వాడే సెనిక్కాయ నూనె."

తర్వాత దేవరాజులు వైపు తిరిగి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నా ప్రమాణం అయిపోయిందప్పా. ఆ డబ్బా నా కారులోనే పోసినావని, ఇంక నువ్వు చెయ్యి ప్రమాణం."