తెర నిద్రపోయే వేళ

"ఇది చాలదు. తెర ఎలా ఆరుతుందో వివరంగా, మళ్ళీ రాయండి."

కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి వచ్చిన ఆ మెయిల్ చదివి భానుమతి కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసింది.

"మళ్ళీ తిప్పి పంపాడండీ!"

ఇంటి వెనక చెక్క డెక్ పక్కన టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతున్న భర్త సూర్యప్రకాశరావు తలెత్తకుండానే అన్నాడు. "ఆ కుర్రాడెవరో నీతో ఆటలాడుతున్నాడు భానూ. మానెయ్యరాదూ?"

"మానను."

విల్లో అనేది ఎవరి సొత్తూ కాని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్. నానా దేశాలవాళ్ళు తీరిక వేళల్లో తలో ముక్కా రాసి, లోకానికి ఊరికే పంచిపెడతారు. రిటైరయ్యాక పట్టుబట్టి ప్రోగ్రామింగ్ నేర్చుకున్న భానుమతి అందులో చేర్చాలనుకున్న మొదటి ముక్క ఇది. వాడకుండా వదిలేసిన కంప్యూటర్ తెర టక్కున ఆరిపోకూడదు, మెల్లగా నిద్రలోకి జారాలి. అంతే. ఆ భాగం చూసుకునేది వినీత్ అనే కుర్రాడు. అతను సరేనంటేనే ఏదైనా లోపలికి వెళ్ళేది. శుక్రవారం దాటితే కొత్త వెర్షన్‌లో ఇక చోటుండదు.

ఆమె ఫోనందుకుంది.

"బాబూ వినీత్, నా కోడ్‌లో తప్పుంటే చెప్పు. దిద్దుకుంటాను."

"కోడ్ క్లీన్‌గా ఉంది ఆంటీ. టెస్టులన్నీ పాసయ్యాయి. డిస్క్రిప్షన్‌తోనే ప్రాబ్లమ్. 'తెర మెల్లగా డిమ్ అవుతుంది' అని ఒక్క లైన్ రాసి వదిలేశారు."

"ఉన్నదే అంత కదయ్యా!"

"మెల్లగా అంటే ఎలా? ముందు పోయేది రంగులా, అక్షరాలా? చీకటి అంచుల నుంచి వస్తుందా, అంతా ఒకేసారి కమ్ముకుంటుందా?"

"ఎందుకలా ప్రాణం తీస్తావు? నేను డాక్టర్ని, కవిని కాదు."

"అసలు టక్కున ఆరిపోతే వచ్చిన నష్టమేంటి ఆంటీ? బ్యాటరీ అయినా సేవ్ అవుతుంది."

భానుమతి ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"నేను మత్తు డాక్టర్ని వినీత్. ఆపరేషన్ థియేటర్‌లో నా కళ్ళెప్పుడూ రోగి గుండె లయ చూపించే తెర మీదే ఉండేవి. అది టక్కున నల్లబడిందంటే నా గుండె జారిపోయేది. ఇప్పటికీ ఇంట్లో కంప్యూటర్ ఆరితే చాలు, నా చెయ్యి ఎవరి నాడి కోసమో వెతుకుతుంది. మా ఆయన నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు."

అతను మెత్తగా అడిగాడు. "మరి మెల్లగా ఆరితే?"

పొద్దు వాలుతోంది. క్యారీ ఊళ్ళోని ఇళ్ళ మీద, పైన్ చెట్ల మీద వెలుగు పలచబడుతోంది. భానుమతి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఎవరికి చెబుతోందో మరిచిపోయినట్టు చెప్పుకుపోయింది.

"దూరం నుంచి నడిచొచ్చిన మనిషి ఇల్లు చేరగానే చెప్పులు విడుస్తాడు, సంచీ దించుతాడు, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తాడు. తెర కూడా అంతే. మోస్తున్నవన్నీ ఒక్కొక్కటే దించుకుంటుంది. ముందు రంగులు. దుప్పటి కాళ్ళ మీంచి మెడదాకా లాక్కున్నట్టు చీకటి కింది నుంచి పైకొస్తుంది, బరువు లేకుండా, వెచ్చగా. అక్షరాలు అన్నిటికంటే ఆఖరు. మాస్క్ పెట్టి అంకెలు లెక్కపెట్టమంటే చిన్నపిల్లలు లెక్కపెడుతూ పెడుతూ సగం అంకె దగ్గర ఆగిపోతారు చూడు, ఆ గొంతు ఎలా సన్నబడుతుందో అక్షరాలు అలా సన్నబడతాయి. అప్పుడు నేను వాళ్ళ నుదుటి మీద చెయ్యి వేసేదాన్ని. భయం లేదు, మళ్ళీ లేపుతానని. తెర కూడా పూర్తిగా ఆరేముందు ఒక్క క్షణం అలా ఆగుతుంది. ఎవరైనా తాకితే లేవడానికి."

మొక్కల దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. సూర్యప్రకాశరావు గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వినీత్? లైన్‌లో ఉన్నావా?"

"ఉన్నాను ఆంటీ." నిద్రలోంచి లేచినట్టుంది అతని గొంతు. "ఇప్పుడు చెప్పిందే రాసి పంపండి. ఒక్క మాట కూడా తీసెయ్యొద్దు."

శుక్రవారానికి ముందే ఆమె ముక్క విల్లోలో చేరింది. ఎక్కడెక్కడి వాళ్ళో మెయిళ్ళు రాశారు, తెర ఆరుతుంటే చూడ్డం కోసమే పని ఆపి కూర్చుంటున్నామని. వినీత్ మాత్రం దాని గురించి మళ్ళీ ఏమీ అనలేదు. అది ఆమెకి కాస్త వెలితిగానే ఉండిపోయింది.

ఆకులు రాలే కాలంలో, విల్లో వాళ్ళ సమావేశానికని అతను క్యారీ పక్కనే ఉన్న రాలీ నగరానికి వచ్చాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని హోటల్ లాబీలో ఎదురుచూస్తున్న భానుమతికి ఫోనొచ్చింది.

"ఆంటీ, కిందికి దిగుతున్నా. ఎక్కడున్నారు?"

"ఎలివేటర్‌కి ఎదురుగా, సోఫాలో. తొందరగా రావయ్యా. అందరూ బాగుందన్నారు, నువ్వే ఏమీ అనలేదు. ఇవాళ నా పక్కన కూర్చుని చూడాల్సిందే."

అతను నవ్వాడు. "నేను అందరికంటే ముందే చూశాను ఆంటీ. ఆ రోజు మీరు చెబుతుంటే."

ఎలివేటర్ తలుపులు తెరుచుకున్నాయి. ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, ఇంకో చేతిలోని తెల్ల కర్రతో నేలని తడుముకుంటూ, ఆమె గొంతు వినబడిన వైపు నడిచివస్తున్నాడు వినీత్.