ఎర్ర బటన్

లిఫ్టులో మళ్ళీ అతనే.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చెప్పగానే సెక్రటరీగారు లిఫ్టు దగ్గరికి పరుగుతీశారు. అపార్ట్‌మెంటులో ముప్ఫై ఇళ్ళకు పెద్ద దిక్కు ఆయనే.

మూడు రోజులుగా ఆ మనిషి వస్తున్నాడు. మాసిన గడ్డం, నిద్రలేని కళ్ళు. లిఫ్టెక్కి పైకీ కిందికీ తిరుగుతాడు. లోపలున్న ఎర్ర బటన్ నొక్కుతాడు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో కనిపెడుతున్నాడని భయపడి, ఆడవాళ్ళు తలుపులకు గొళ్ళాలు తీయడం మానేశారు.

"అసలు ఎవరయ్యా నువ్వు? రోజూ మా మీద పడ్డావేంటి?"

"ఇవాళైనా ఒక్క నిమిషం వినండి సార్. ఆపదొచ్చి ఈ బటన్ నొక్కితే, కరెంటు లేకపోయినా లిఫ్టు కంపెనీకి ఫోన్ వెళ్తుంది కదా. అది పాత 2జీ ఫోన్ నెట్‌వర్క్ మీద నడుస్తోంది. ఇవాళ పదింటికి మీ ఊళ్ళో 2జీ ఆపేసి 5జీ మొదలుపెడుతున్నారు. ఇక ఇది పలకదు."

"నిన్న నువ్వు చెప్పాక నేనే నొక్కి చూశాను. నిక్షేపంగా పలికింది!"

"నిన్న పలుకుతుంది సార్. నిన్న 2జీ ఉంది."

"ఏ కంపెనీ ఏజెంటువి? ఏం అమ్ముతావు?"

"ఏమీ అమ్మను. ఈ బటన్‌కు కొత్త నెట్‌వర్క్ పెట్టె బిగించేదాకా లిఫ్టు ఆపేయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు. సెక్రటరీగారు హడలిపోయి ఒక్క తోపు తోశారు. అతని నుదురు గోడకు కొట్టుకుని చిట్లింది.

కొత్త నెట్‌వర్క్ వస్తోంది, సినిమా మొత్తం క్షణంలో ఫోన్లోకి దిగుతుందని ఊరంతా సంబరపడుతుంటే, వీడొచ్చి లిఫ్టు ఆపమంటాడేమిటి! పిచ్చివాడో, దొంగో. ఆయన పోలీసుల్ని పిలిపించారు. సాక్ష్యం చెప్పి రమ్మని వాచ్‌మన్‌నూ జీపెక్కించారు.

పదకొండున్నరకు మనవరాలిని బడి నుంచి తీసుకొచ్చి లిఫ్టెక్కారు. మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. లైటు ఆరిపోయింది.

"తాతయ్యా, చీకటి!"

"కరెంటు పోయిందమ్మా. వచ్చేస్తుంది."

రాలేదు.

తడుముకుంటూ ఎర్ర బటన్ నొక్కారు. నిన్న 'చెప్పండి సార్' అన్న ఆడగొంతు లేదు. గుర్రుమనే చప్పుడైనా లేదు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ.

జేబులోని ఫోన్ తీశారు. ఆ ఇనుప పెట్టెలో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

"తాతయ్యా... ఊపిరి..."

పిల్లకు ఉబ్బసం. ఇన్‌హేలర్ పైన ఇంట్లో ఉంది.

ఆయన పిచ్చెత్తినట్టు తలుపులు బాదారు. గొంతు పగిలేలా అరిచారు. పైనెక్కడో గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకొకటి. ఆ మనిషే మళ్ళీ వచ్చి గొడవ చేస్తున్నాడనుకుని ఇళ్ళలోవాళ్ళు తలుపులు బిగించుకుంటున్నారు!

ఫోన్ లైటు వేసి చూస్తే పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆయన పిల్లను గుండెకు అదుముకుని, కనిపించని దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నారు.

ఎంతసేపైందో తెలీదు. తలుపు మీద ఎవరో దబదబా కొట్టారు.

"సార్! లోపల ఎవరైనా ఉన్నారా?"

వాచ్‌మన్!

అతను తాళంచెవితో లిఫ్టు తలుపులు తెరిచాడు. మరో పది నిమిషాలకు పిల్ల వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని ఇన్‌హేలర్ పీలుస్తోంది. సెక్రటరీగారు మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"దేవుడిలా వచ్చావురా."

"నాదేముంది సార్. స్టేషన్‌లో అతనే నా ప్రాణం తోడేశాడు. 'నన్ను వదలకపోయినా పర్లేదు, నువ్వెళ్ళి ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపు కొట్టి చూడు' అని ఒకటే గోల. పడలేక వచ్చాను."

సెక్రటరీగారు చెప్పులైనా వేసుకోకుండా స్టేషన్‌కు పరుగెత్తారు. బెంచీ ఖాళీగా ఉంది.

"వదిలేశాం సార్. బస్సెక్కేసి ఉంటాడు," అన్నాడు ఎస్సై. "రేపు ఇంకో ఊళ్ళో 2జీ ఆపుతున్నారట."

"నేను తోసేశానండీ అతన్ని. రక్తం కూడా వచ్చింది. ఎవరండీ అతను? ఫోన్ల ఇంజనీరా? లిఫ్టు మెకానిక్కా?"

ఎస్సై తల అడ్డంగా ఊపాడు.

"వాళ్ళింటికి ఫోన్ చేసి కనుక్కున్నాం. ఆయనా మీలాగే ఓ అపార్ట్‌మెంటుకి సెక్రటరీ. పోయిన నెల వాళ్ళ ఊళ్ళో 2జీ ఆపిన రోజు సాయంత్రం, లిఫ్టు తలుపులు బద్దలుకొట్టి బయటికి తీసింది ఆయన భార్య శవాన్నేనండీ."