నొక్కినవాడిదే బాధ్యత

"నేనడిగితే అన్నిటికీ కాదంటారు. అది అడిగితే అన్నిటికీ అవునంటారు. ఏం చేసుకోను ఈ మనిషిని!" అంది తల్లి, కూరగాయలు తరుగుతూ.

'అది' అంటే ముందుగదిలో తండ్రి కంప్యూటర్లో ఉండే ఏఐ అసిస్టెంటు. దానికి బొమ్మల్లేవు, రంగుల్లేవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. ఆయన ఒక ముక్క టైపు చేస్తే చాలు, ప్రోగ్రాములు రాసిపెడుతుంది, ఫైళ్ళు సర్దిపెడుతుంది. కాకపోతే దానికి మొహమాటం ఎక్కువ. ప్రతి పనికీ అనుమతి అడుగుతుంది. అవునంటే వై నొక్కాలి, కాదంటే ఎన్ నొక్కాలి. ఆయన చదివితేగా! ఫోన్లో మాట్లాడుతూ వై. ఆవులిస్తూ వై. వీధిలో ఎవరు పోతున్నారో చూస్తూ వై.

ఇంట్లోవాళ్ళకి మాత్రం ఎన్ను తప్ప ఇంకో మీట లేదు.

అమ్మాయి బడిలో డ్రాయింగ్ టీచరు. మలుపులో సైకిళ్ళ షాపు పెట్టుకున్న అబ్బాయిని ఇష్టపడింది. ఆ మాట చెప్పిన రోజే తండ్రి "కుదరదు" అనేశాడు. ఎందుకు కుదరదో ఆయనకీ తెలియదేమో. ఒకసారి కాదన్నాక మళ్ళీ ఔననడం ఆయన చరిత్రలోనే లేదు. ఆ అబ్బాయేమో వచ్చే నెల వేరే ఊళ్ళో పెద్ద షాపు తెరుస్తున్నాడు. వెళ్ళేలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు. అమ్మాయికి తిండి సహించడం లేదు.

తల్లి సణుగుడు వింటుంటే అమ్మాయికి చటుక్కున ఓ ఆలోచన వచ్చింది.

"అమ్మా, అయితే దానిచేతే అడిగిద్దాం!"

పని మొదలుపెట్టే ముందు ఆ అసిస్టెంటు ఒక సూచనల ఫైలు చదువుకుంటుంది. ఈ సంగతి తండ్రే ఓసారి గొప్పగా చెప్పాడు. సాయంత్రం ఆయన వాకింగుకి వెళ్ళగానే అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుంది. కుంచె పట్టుకునే చేతికి ఆ నల్లతెర ఓ పట్టాన లొంగలేదు. తిట్టుకుంటూ, చెరుపుకుంటూ, కనిపించిన ఫోల్డర్లో ఎలాగోలా ఒక సూచన రాసి పెట్టింది.

"త్వరగా కానీవే తల్లీ, ఆయన దగ్గు వినిపిస్తోంది!" అంది గుమ్మంలో కాపలా ఉన్న తల్లి.

మర్నాడు పొద్దున తండ్రి గది తలుపు వేసుకోలేదు. "కాఫీ ఏదీ?" అని పెళ్ళాం మీద ఒక కేక. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావే?" అని కూతురి మీద ఇంకో కేక. పిలవకుండానే వెళ్దామనుకున్న ఇద్దరూ దర్జాగా లోపలికొచ్చి ఆయన వెనకాల నిలబడ్డారు. అదృష్టం కలిసొస్తోందనుకుంది అమ్మాయి.

ఆయన ఏదో కొట్టాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

'అమ్మాయిని సైకిళ్ళ షాపు అబ్బాయికిచ్చి పెళ్ళి చేయడం మీకు సమ్మతమేనా? వై / ఎన్.'

తండ్రి కాఫీ అందుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. వై నొక్కాడు.

"నొక్కేశారు!" తల్లి గెంతినంత పని చేసింది.

"ఏం నొక్కాను?" తెర చూసి ఆయన దిగ్గున లేచాడు. "ఏమిటిది? ఎవరు చేశారిది? దగా! నేను చదవలేదు!"

"చదవకుండా ఎవరు నొక్కమన్నారు?" తల్లి కొంగు బిగించింది. "ఆఫీసులో ఒకతను చూడకుండా నొక్కి వారం రోజుల పని తుడిచిపెడితే మీరేమన్నారు? నొక్కినవాడిదే బాధ్యత అని ఇల్లు ఎగిరిపోయేలా అరవలేదూ?"

తండ్రి గదిలో కాసేపు పచార్లు చేశాడు.

"అంటే, అన్న మాట మీద నిలబడాలంటావు."

"నిలబడాలి మరి!"

"సరే, ఏడవండి. ఆదివారం వాళ్ళవాళ్ళని తీసుకుని రమ్మనండి ఆ కుర్రాణ్ణి. నేను ఇష్టపడి ఒప్పుకోలేదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి!"

విసవిసా స్నానానికి వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వాక అమ్మాయికి జాలేసింది. అంత పెద్దమనిషిని ఇంత తేలిగ్గా బోల్తా కొట్టించామే, పాపం నాన్న, అనుకుంది. అంతలోనే భయమూ వేసింది. రేపు పొద్దున అది మళ్ళీ ఇదే ప్రశ్న అడిగితే? ఆయన ఈసారి చదివి మరీ ఎన్ నొక్కితే?

గబగబా కుర్చీలో కూర్చుని టైపు చేసింది. 'పెళ్ళి గురించి అడగమన్న ఆ సూచన తీసెయ్.'

కుర్చీలో మనిషి మారిన సంగతి దానికేం తెలుసు? ఎప్పటిలాగే మర్యాదగా జవాబిచ్చింది.

'తీసేస్తాను కానీ, "మా పిచ్చిపిల్ల దీన్ని పాత ఫోల్డర్లో పడేసింది, నీకు కనిపించే చోటికి మార్చుకో, వాళ్ళిద్దర్నీ పిలిచి ఊఁ అని టైపు చేస్తాను, అప్పుడు అడుగు" అని పొద్దున్నే చెప్పింది మీరే కదా!'