మొదటి కోత

సుబ్బరావమ్మగారి వాగు చేనుకి కోత పడిందట. పొద్దున్నే బుడాన్ ఫోన్ చేసి చెప్పాడట. వెంటనే ముఠా వాళ్ళందరికీ చెప్పమన్నాడట. పిల్లల్ని మాత్రం అటు పంపొద్దన్నాడట. ఆ ఫోన్ అందుకున్న ఎదురింటి కోటేశ్వరి ఇదంతా పళ్ళు తోముకుంటూ, రసూల్‌బీ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"పిల్లలెందుకు వద్దంట?" అంది రసూల్‌బీ.

"ఆఫీసర్లు తిరుగుతున్నారు కదక్కా. పిల్లల చేత కాయ కోయిస్తున్నారని రాసుకుపోతారు."

ఆ మాట బుడాన్ అన్నాడా, కోటేశ్వరి కలిపిందా అని రసూల్‌బీ అడగలేదు. అడిగే తీరిక లేదు. బుడాన్ ఆ చేనుకి కాపలా మనిషి. రసూల్‌బీ చేస్తే అతని ఫోన్ కలవలేదు.

రసూల్‌బీ మిరపకోతల ముఠాకి మేస్త్రి. కింద ఇరవై మంది ఆడవాళ్ళు. మొదటి కోత ఏ ముఠా మొదలుపెడితే ఆఖరి కోత దాకా ఆ చేను వాళ్ళదే. నిరుడు నల్లపాడు వైపు నుంచి ఇంకో ముఠా ఆటోల్లో ముందుగా వచ్చి దిగిపోయింది. రసూల్‌బీ మనుషులు కాసేపు చూసి, ఖాళీ గోతాలు చంకన పెట్టుకుని తిరిగొచ్చారు. ఈసారీ అదే జరిగితే ముఠా చెదిరిపోతుంది. ఆ సంగతి ఇరవై మందికీ తెలుసు.

గంటలో అందరూ నడక మొదలెట్టారు. మనవరాలు మెహర్ కూడా వెంటపడింది. ఆరో తరగతి.

"ఆఫీసర్లు ఆదివారం రార్లే" అంది రసూల్‌బీ, ఎవరూ అడక్కుండానే.

తుఫాను వెళ్ళి నాలుగు రోజులైంది. డొంకలో బురద ఇంకా ఆరలేదు. వాగు చప్పుడు చాలా దూరం నుంచే వినపడుతోంది.

"టీచరు వాగు చూసి రాసుకురమ్మంది" అంది మెహర్.

"వాగులో ఏముందే రాయడానికి?" అంది పక్కన నడుస్తున్న నస్రత్.

"నేల ఎట్లా మారుతుందో. ఎండకి మన నల్లరేగడి నెర్రెలిస్తది కదా. వాన పడితే నీళ్ళు ఆ నెర్రెల్లో దిగి లోపలంతా మెత్తబెడతాయి. రాయైనా అంతే. వేడికి ఉబ్బి, చలికి ముడుచుకుని, పొరలు పొరలుగా ఊడిపోద్ది. అప్పుడు వాగొచ్చి మెత్తబడిందంతా లాక్కుపోయి పల్లంలో పడేస్తది. పొన్నూరు పొలాలన్నీ అట్లా వచ్చిన మట్టేనంట."

"మన మట్టితో వాళ్ళు వరి పండించుకుంటన్నారా? పదండే, సగం బియ్యం మనకిమ్మని అడుగుదాం."

అందరూ నవ్వారు. మెహర్ నవ్వలేదు.

"పైకి ఏం తెలవదంట. అడుగు నుంచి లాగుద్దంట. టీచరు ఇసక కుప్ప మీద చీమని పెట్టి, కింద నుంచి నీళ్ళు పోసింది. చీమ తిరుగుతానే ఉంది. దానికేం తెలవలేదు."

"తర్వాత?"

"తర్వాత బెల్లు కొట్టారు."

"దానికి పేరేందే?"

"క్రమక్షయం."

"మా మామ పోయింది దాంతోనే" అంది నస్రత్. మళ్ళీ నవ్వులు.

చేను దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. నల్లపాడు ఆటోలు లేవు. రసూల్‌బీకి ఊపిరి వచ్చినట్టయింది. కాయ చూస్తే మాత్రం సగం పచ్చిగానే ఉంది. తుఫానుకి భయపడి సుబ్బరావమ్మగారు తొందరపడుతున్నారేమో అనుకుంది. వాగు వైపు కంచె రాళ్ళు మూడు కనపడలేదు. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు.

కోత ఎప్పుడూ అవతలి చివర మొదలుపెట్టి డొంక వైపు రావాలి. వచ్చేకొద్దీ గోతాలు మోసే దూరం తగ్గుతుంది. అందుకని ఇరవై మందీ సాళ్ళ వెంట నడిచి వాగు అంచుకి చేరారు. నడుములకి చీర చెంగులు బిగించారు.

మెహర్ మధ్యలోనే ఆగిపోయింది. సాళ్ళకి అడ్డంగా ఒక నెర్రె, చేను ఈ పక్క నుంచి ఆ పక్క దాకా పాకి ఉంది. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. లోపల చల్లగా ఉంది. పెళ్ళ ఒకటి తీసి అందులో వేసింది. కింద పడిన చప్పుడు రాలేదు.

"నానమ్మా, ఇటొకసారి రావా" అంది.

"నువ్విటు రా. ఊరికే నిలబడితే ఎట్లా?"

మెహర్ నెర్రె దాటి వెళ్ళింది.

వాగులో దబ్బుమని ఏదో పడింది. బర్రెలు దిగుతున్నాయేమో అంది నస్రత్. బర్రెలేవీ కనపడలేదు.

డొంక మీద బుడాన్ కనపడ్డాడు. తువ్వాలు పైకెత్తి ఊపుతున్నాడు. ఆడవాళ్ళు కూడా చేతులు ఊపారు. అతను మిరపచెట్లు తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నెర్రె దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయాడు.

"ఏం బుడానూ, కాపలా మనిషివి, అడుగు ముందుకెయ్యవేంది?" అంది రసూల్‌బీ. "కోత పడిందని కబురు పెట్టావు. కాయేమో పండనేలేదు. ఇంతమందిని ఇంత దూరం నడిపించావు."

బుడాన్ అందరినీ ఒకసారి లెక్కపెట్టినట్టు చూశాడు. చివర మెహర్ మీద అతని చూపు ఆగింది. మామూలుగా అతను అరిస్తే ఊరంతా వినపడుతుంది. ఇప్పుడు మాత్రం, గట్టిగా మాట్లాడితే ఏదో అయిపోతుందన్నట్టు, మెల్లగా అన్నాడు.

"కోత పడింది కాయకి కాదు వదినా, మీరు నిలబడ్డ గట్టుకి."