పదిహేడో నంబరు

"సర్వర్ పడిపోతుందని చెప్పిందీ నువ్వే. ఇవాళ పడగొట్టిందీ నువ్వే," అన్నాడు దుర్గాప్రసాద్.

అరకు చుట్టుపక్కల కొండల్లోని రేషన్ డిపోలకూ ఆసుపత్రులకూ బడులకూ ఇంటర్నెట్ నడిపే ఆ చిన్న ఆఫీసులో స్వర్ణ కాంట్రాక్టు టెక్నీషియన్. ఆయన అధికారి. తమ కొండమీంచి దిగొచ్చి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆమే. ఆ కుర్చీ ఇప్పుడు కదులుతోంది.

"పొద్దున్న పదింటి నుంచి నలభై డిపోల్లో వేలిముద్ర పడటం లేదు. సంత రోజాయె. జనం ఖాళీ సంచులతో కొండెక్కుతున్నారు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నన్నేం చెప్పమంటావు?"

"నెల కిందటే రాశాను సార్. పేరు చెబితే దాని చిరునామా చెప్పే సర్వర్ మనది. దాని సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది. వంకర ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు, దాని నోరు పడిపోతుంది. తర్వాత ఎవరడిగినా పలకదు. సరిచేసే అప్‌డేట్ వచ్చింది, పది నిమిషాలు ఆపి వేసుకుందాం అన్నాను. మూడుసార్లు అడిగాను."

"పది నిమిషాలు ఆపితే రివ్యూ మీటింగులో మన పేరు ఎర్రగా కనబడదూ?"

పది నిమిషాల ఎరుపుకి జడిసిన పెద్దమనిషి నాలుగు గంటలుగా అదే ఎరుపులో కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఆయనకెవరు చెప్తారు!

"ఆ వంకర ప్రశ్న ఎలా ఉంటుందో ఫైలు కూడా జత చేశాను సార్. నొక్కవద్దని పైన ఎర్ర అక్షరాలతో రాశాను."

"నీ ఫైళ్ళు చదువుకుంటూ కూర్చోడానికా నేనున్నది?"

"పోనీ, ఇప్పుడు నన్ను లోపలికి వెళ్ళనివ్వండి. పది నిమిషాల్లో లేపుతాను."

"దొంగ చేతికి తాళాలా? నీ పాస్‌వర్డ్ పదిన్నరకే తీసేశాను."

ఆయన కుర్చీ వెనక గోడమీద 'మూఢనమ్మకాలు వీడండి' అని పోస్టరుంది. ఆయనే ఊరూరా అంటించి, మిగిలినది అక్కడ అంటించుకున్నాడు.

"ఎవరేం అడిగారో సర్వర్ రాసుకునే లాగ్ తీయండి సార్. ఆ ప్రశ్న ఏ కంప్యూటర్ నుంచి వెళ్ళిందో నంబరు పడి ఉంటుంది. నాది ఇరవైమూడు."

ఆ ఆఫీసులో ప్రతి కంప్యూటర్ మీదా దాని నంబరు చీటీ అంటించి ఉంటుంది.

"తీస్తా. మూడింటికి విశాఖ నుంచి విచారణకి వస్తున్నారు. వాళ్ళ ముందే తీస్తా. ఏ కంప్యూటర్ మీద ఆ నంబరుంటే ఆ బల్ల వాళ్ళకి ఉద్యోగం ఊడుతుంది, కేసూ పడుతుంది. ఆర్డరు టైపు చేయించేశాను. పేరొక్కటే ఖాళీ."

"అంతే చాలు సార్," అంది స్వర్ణ. ఆ పూట ఆమెకి ఊపిరాడింది అప్పుడే.

బయట వరండాలో అటెండరు భీముడు బీడీ ఆర్పేశాడు. ఆయనదీ స్వర్ణ వాళ్ళ కొండే.

"ఏటమ్మా, నవ్వుతన్నావు?"

"నంబరు అబద్ధమాడదు బాబాయ్."

"మన కాడ చిల్లంగి ఎలా పట్టుకుంటారో సూసినావా ఎప్పుడైనా?"

చిల్లంగి అంటే కొండల్లో చేతబడి. స్వర్ణ తల అడ్డంగా ఊపింది.

"ఈ నీళ్ళు తాగితే గుంటడికి జొరం వత్తాదని ఏ ముసిల్దో ముందే సెప్తాది. జొరం వత్తాది. ముందే దీనికెలా తెలిసింది, ఇదే సేసింది అంటారు. మంత్రాల గురువొచ్చి దాని గుమ్మం కింద తవ్వుతాడు. ఎముక దొరుకుద్ది."

"ఎలా దొరుకుతుంది?"

"దొరక్కేటి? పంచెలో ఎట్టుకునే వత్తాడు కదా."

"ఇది కంప్యూటర్ బాబాయ్, ఎముక కాదు," అని నవ్వి, స్వర్ణ అన్నం తినడానికి వెళ్ళింది. పొద్దుటి నుంచీ ఆమె ఏమీ తినలేదు. నిజం తన పక్కనున్నప్పుడు ఆకలి కూడా బాగానే వేస్తుంది మనిషికి.

రెండున్నరకి దుర్గాప్రసాద్ తలుపు వేసుకుని లాగ్ తెరిచాడు. వచ్చేవాళ్ళ ముందు తడబడకుండా ఒకసారి చూసుకుందామనుకున్నాడు.

ప్రశ్న వెళ్ళిన సమయం: తొమ్మిది యాభై ఎనిమిది. కంప్యూటర్ నంబరు: పదిహేడు.

మళ్ళీ చదివాడు. పదిహేడే. ఇరవైమూడు కాదు. ఈ పదిహేడు ఎవరిదబ్బా అని గుమాస్తాలందరినీ మనసులోనే వరసగా లెక్కేశాడు. ఎవరికీ కుదరలేదు. అప్పుడు వంగి తన బల్ల కిందున్న కంప్యూటర్ మీది చీటీ చూశాడు.

పొద్దున్న టీ తాగుతూ, ఈ కొండ గుంట ఏం రాసి చచ్చిందో చూద్దామని ఆ ఫైలు తెరిచాడు. ఎర్ర అక్షరాలు కనిపించాయి. నాకే చెప్తుందా అనుకుని నొక్కాడు. ఓ నల్లపెట్టె తెరమీద మెరిసి మాయమైంది. అర్థంపర్థం లేని చదువులని నవ్వుకుని మూసేశాడు.

ఆర్డరు కాగితం బల్లమీదే ఉంది. పేరు దగ్గర ఖాళీ అలాగే ఉంది. బయట జీపు హారన్ వినబడింది.

దుర్గాప్రసాద్ గంట కొట్టాడు. భీముడు లోపలికొచ్చాడు.

"స్వర్ణ ఎక్కడ?"

"అన్నానికెల్లింది బాబూ."

దుర్గాప్రసాద్ కిందకి వంగాడు. గోటితో, చిరక్కుండా, మెల్లగా ఏదో పీకాడు. లేచి, భీముడి అరచేతిలో పెట్టాడు.

"బేగి వెళ్ళి ఈ పదిహేడు ఆ పిల్ల కంప్యూటర్‌కి అంటించు. అక్కడున్న ఇరవైమూడు నాకు పట్టుకురా."